మిషన్ లెక్కల్లో ఒక మేక

మిషన్ బోర్డింగులో చదువుకున్న ఆడపిల్లలకు ఆ రోజుల్లో రెండు దారులుండేవి. ఒకటి నర్సమ్మ, రెండోది పంతులమ్మ. నేను రెండు చోట్లకూ వెళ్ళి, రెండు చోట్ల నుంచీ తిరుగు టపాలో వచ్చినదాన్ని.

మాది పొదిలి దాటి చంద్రశేఖరపురం వైపు పోయే దారి పక్కన చిన్న పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు. నేను మార్కాపురం బోర్డింగులో ఎనిమిదో తరగతి గట్టెక్కేసరికి నాయన "మా పాప సూదులేసే పనికి పోతాది" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. మిషన్ ఆస్పత్రిలో చేరిన మొదటి వారమే, ఒక ముసలాయన వీపు మీద సెగ్గడ్డ కోస్తూ నన్ను గిన్నె పట్టుకోమన్నారు. కత్తి తగలడం వరకు చూశాను. తెలివి వచ్చేసరికి మంచం మీద ఉన్నది నేను. గడ్డ కోయించుకున్న ముసలాయన పక్కన కూర్చుని నాకు విసురుతున్నాడు.

"ఈ బిడ్డకు ముందు ఇంత కూడు పెట్టండమ్మా. నాకు కట్టు తర్వాత కడుదురు" అంటున్నాడు.

రెండోసారి కూడా అలాగే జరిగింది. ఆస్పత్రికి బయటి నుంచి వచ్చే రోగులు చాలినంత మంది ఉన్నారని చెప్పి డాక్టరమ్మ నన్ను బడికి పంపింది.

బడిలో ఒకటో తరగతి ఇచ్చారు. నా గొంతు చిన్నది. "పలకలు తీయండి" అంటే ముందు వరసకే వినిపించేది. పలకల గనులున్న మా మార్కాపురంలో పలకలకేం కొదవ? విరిగిన ముక్కలతో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుండేవాళ్ళు. మొదట్లో వద్దన్నాను. తర్వాత వాళ్ళు గీతలు వంకరగా గీస్తున్నారని సరిచేశాను. పై అధికారి తనిఖీకి వచ్చిన పూట నేను ఒంటికాలి మీద నాలుగో గడిలో ఉన్నాను. కాలు దించితే ఆట పోతుంది కనుక ఆయనకు అలాగే నమస్కారం పెట్టాను.

ఆ సాయంత్రమే దొరసానమ్మ నన్ను పిలిపించింది. కాంపౌండు మొత్తం ఆమె చేతి కింద ఉండేది. మంచి మనిషి. తెలుగు బైబిల్లోంచి నేర్చుకున్నందువల్ల మామూలు మాటలు కూడా ఆమె నోట వాక్యంలాగే వినిపించేవి. అప్పుడు యుద్ధం నడుస్తోంది. మిషన్ లెక్కలు రాసే గుమాస్తా పటాలంలో చేరిపోయాడు. ఆయన పని ఆమె మీద పడి, బల్ల నిండా కాగితాలు పేరుకున్నాయి.

"అమ్మాయీ, నీకు కూడిక వచ్చునా?"

"వచ్చునమ్మా" అన్నాను, ఆమె భాషలోనే.

"రక్తమును చూడకయు, పిల్లలతో గంతులు వేయకయు చేయదగిన పని యొకటి ఇచ్చట ఉన్నది. రాత్రి ఆలోచించి చెప్పుము."

నేను ఆలోచించింది తక్కువ. ఆ గదిలో నల్లరాతి బండలు పరిచి చల్లగా ఉంది. కూడిక మూలగదు, ఏడవదు. గుక్క తిప్పుకుని ఇంకోసారి చేస్తే దాని జవాబు దానికి వచ్చేస్తుంది. నా స్వభావానికి సరిపడేది ఇదేనని అనిపించింది. పొద్దున్నే వెళ్ళి ఒప్పుకున్నాను.

సంగతి తెలిసి నాయన నడిచి వచ్చాడు.

"సూదులేమైనాయి పాపా?"

"నాకు పడలేదు నాయనా. లెక్కలు రాసే పనిలో పెట్టినారు."

నాయన ముఖం మారిపోయింది. ఆయనకు తెలిసి లెక్కలు రాసేవాడు ఒక్కడే, ఊరి కరణం. "కరణం పనా? మనకేల తల్లీ ఆ ఉసురు?" అన్నాడు గొంతు తగ్గించి.

దొరసానమ్మకు అది వినిపించింది. "అయ్యా, భయపడకుము. నీ కుమార్తె ఎవని పొలమునైనను కొలువదు, ఎవని యొద్దనైనను శిస్తు అడుగదు" అంది. ఆమె చెప్పిన తీరుకు గుడిలో ఉన్నాననుకున్నాడో ఏమో, నాయన తలగుడ్డ తీసి చేత పట్టుకుని "ఆమేన్" అన్నాడు. నా ఉద్యోగం అట్లా ఖాయమైంది.

ఊళ్ళో మాత్రం ఆ మాట ఎవరూ నమ్మలేదు. సెలవుకు పోతే మా మేనత్త నాకు కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టి, పక్కన చేరి, "ఎట్లనో ఒకట్ల మా గట్టు రెండు బారలు అవతలికి జరిపి రాయి కోడలా" అంది. అది నా చేతిలో లేదన్నాను. "కొత్తలో అందరూ అట్లనే అంటారు" అని ఇంకో గుడ్డు పెట్టింది.

ఇక పని నేర్చుకోవడం. దొరసానమ్మ బల్లకు ఆ పక్క కూర్చుంది, నేను ఈ పక్క. పుస్తకం నా ముందుంది. "వచ్చునది ఈ వైపు వ్రాయుము, పోవునది ఆ వైపు వ్రాయుము" అని చేతులతో చూపింది. నేను భక్తిగా ఆ చేతులు ఎటు చూపితే అటే రాశాను. ఆమె ఎడమ నాకు కుడి అవుతుందని ఇద్దరికీ తట్టలేదు. నెలాఖరున పుస్తకం తన వైపు తిప్పుకుని చాలాసేపు చదివింది.

"అమ్మాయీ, ఈ నెల మన పనివారు మనకే జీతములు ఇచ్చియున్నారు."

నేను బిక్కచచ్చిపోయాను.

"కిరసనాయిలు అంగడివాడును ధర్మాత్ముడే. డబ్బా పంపి, డబ్బును పంపెను" అంటూ నవ్వడం మొదలుపెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆ నెలంతా మళ్ళీ రాసేసరికి నా వేళ్ళు కాయలు కాశాయి. కానీ ఆ తిరగరాతలోనే పని నాకు ఒంటబట్టింది. తరువాత్తరువాత మొత్తాలు రెండు వైపులా ఒకటిగా తేలితే అన్నం కూడా రుచిగా ఉండేది.

ఆ ఏడు కోత పండుగకు పల్లెల నుంచి జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్ళు కానుకలుగా వచ్చాయి. గుడి ముందర పాస్టరు అయ్యగారు వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు నా పుస్తకంలోకి వస్తుంది. అర్ధవీడు వైపు నుంచి ఒకామె నల్ల మేకను తోలుకొచ్చింది. పాట మొదలుపెట్టడానికి అయ్యగారు తాడు అందుకున్నారో లేదో, అది ఆయన్ను తొడ మీద పొడిచింది. ఆ తర్వాత ఎంత తక్కువకు దిగినా పాట పాడేవాళ్ళు లేరు.

"కానుకను త్రోసివేయరాదు. లెక్కలో వ్రాయుము" అంది దొరసానమ్మ. సామాన్ల పట్టీలో బెంచీలకూ పెట్రోమాక్సు దీపాలకూ మధ్య "నల్ల మేక ఒకటి" అని రాశాను. దాన్ని మేపే పని కాంపౌండుకు కాపలా ఉండే తాతకు అప్పజెప్పారు.

కొన్నాళ్ళకు లెక్కలు చూడడానికి మద్రాసు నుంచి ఆడిటరు వచ్చాడు. స్టేషన్ నుంచి జట్కాలో దిగాడు. నల్ల కోటు, గొడుగు, తాగే నీళ్ళ మరచెంబు, సన్నటి మనిషి. సామాన్ల పట్టీ చేతబట్టుకుని బెంచీలను తట్టి చూశాడు, దీపాలను ఊపి చూశాడు. తర్వాత వేలు ఒకచోట ఆపాడు.

"నల్ల మేక ఒకటి. ఎక్కడమ్మా?"

తాతకు కబురు పంపాను. తాత తాడు పట్టుకుని వచ్చాడు. వెనక మేక, మేక వెనక ఎగురుకుంటూ రెండు పిల్లలు. ఆడిటరు పట్టీ చూశాడు, మేకలను చూశాడు.

"ఒకటని రాశారు. ఇవి మూడు."

"మొన్ననే ఈనింది సార్" అన్నాను.

"కొన్నట్టు లేదు. ఎవరో ఇచ్చినట్టూ లేదు. మరి ఎట్లా వచ్చినట్టు?"

నాకంటే ముందే తాత అందుకున్నాడు. "యాడ నుంచి వస్తాయి సామీ. వచ్చే దారినే వచ్చినాయి."

ఆడిటరు గొడుగు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "అది నాకు తెలుసు. పుస్తకానికి తెలియాలి కదా. ఓచరు ఏదీ?"

గొడవేమిటని దొరసానమ్మ వరండాలోకి వచ్చింది. విని, "ఇచ్చినవాడు దేవుడని వ్రాయుము" అంది.

"రాయొచ్చు మేడమ్. సంతకం ఎవరు పెడతారు?" అని ఆయన నిజంగానే అడిగాడు.

ఓచరంటే చూసినవాడి మాటే కదా అని నాకు తట్టింది. ఈనడం చూసింది తాత. ఆయన వేలిముద్ర వేస్తే సరిపోతుందా అని అడిగాను. ఆడిటరు తల ఊపాడు. కాగితం మీద "మిషన్ మేకకు పుట్టిన పిల్లలు రెండు" అని రాసి తాతకు చదివి వినిపించాను. తాత వేలు వెనక్కి లాక్కున్నాడు.

"తండ్రి పేరు రాయలేదే. అది నన్నడిగితే నాకు తెల్వదు. కొండకు పోయినప్పుడు యాడనో జరిగింటాది. అబద్ధానికి నేను వేలేయను."

"తండ్రి పేరు అక్కర్లేదయ్యా" అన్నాడు ఆడిటరు నీరసంగా. తాత వేలు వేశాడు. ఆడిటరు దాన్ని ఆరబెట్టి, నెంబరు వేసి, ఫైల్లో కుట్టించాడు. కుట్టేంతసేపూ ఒక పిల్ల ఆయన కోటు అంచు చప్పరిస్తూనే ఉంది. ఆయన తరమలేదు.

వెళ్ళే ముందు నా పుస్తకాలు మరోసారి తిరగేశాడు. "ఎవరు నేర్పారు?"

"దొరసానమ్మ నేర్పింది సార్."

"ఆమె లెక్కలు పోయినేడు నేనే చూశాను" అన్నాడు. తర్వాత, గవర్నమెంటువాళ్ళు బుక్ కీపింగ్ పరీక్ష పెడతారనీ, కర్నూల్లో రాయవచ్చనీ, తప్పకుండా రాయమనీ చెప్పాడు.

పరీక్షకు నాయనే వెంట వచ్చాడు. దారిలో బండి మారి, కర్నూలు చేరి, అన్నం క్యారేజీతో పరీక్ష హాలు గుమ్మం ఎక్కుతుంటే లోపలి ఆయన, "క్యారేజీ అక్కడ పెట్టి వెళ్ళమ్మా, మీ అన్నకు మేం ఇస్తాం" అన్నాడు. పరీక్ష నాకేనని చెప్పి హాల్ టికెట్ చూపించాను. తిప్పి తిప్పి చదివాడు. మగపిల్లల చూపు చెదురుతుందని కిటికీ పక్కన బల్ల వేసి, ఎక్కడినుంచో ఒక తెర తెప్పించి చుట్టూ కట్టించాడు. హాల్లోకి వచ్చే గాలంతా నాకే వచ్చింది. అవతల వాళ్ళు చెమటలు తుడుచుకునే చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను హాయిగా రాసుకున్నాను.

పాసయ్యానని టపాలో తెలిసింది. జీతం కొంచెం పెరిగింది. నాయనకు కూలి పని తప్ప కాగితాల సంగతి పట్టదు గానీ ఆ కార్డు మాత్రం అడిగి తీసుకుని, మా ఇంటి దూలం సందులో దోపుకున్నాడు.

దొరసానమ్మకూ పౌరుషం వచ్చింది. "మరుసటి యేడు నేనును వ్రాసెదను" అంది. అన్నట్టే కర్నూలు పోయి రాసింది, తప్పింది. రెండు రోజులు గదిలోంచి సరిగ్గా బయటికి రాలేదు. మూడో రోజు సాయంత్రం టీ తాగి, పుస్తకం, పెన్సిలు తెచ్చుకుని నా ఎదురుగా నిలబడి, "నాకు నేర్పుము" అంది. అప్పటి నుంచి రోజూ దీపాలు పెట్టేవేళ దాకా కూర్చునేవాళ్ళం. నేను తప్పు దిద్దినప్పుడల్లా ఆమె తనను తానే ఇంగ్లీషులో తిట్టుకునేది.

రెండోసారి పాసైంది. ఆ రోజు వంటవాడికి చెప్పి పెద్ద గుండిగలో సేమ్యా పాయసం చేయించి, ఆస్పత్రిలో రోగులతో సహా కాంపౌండులో అందరికీ తన చేత్తోనే వడ్డించింది.