ఖాళీగా తిరగని కైలాసమన్న

మా కైలాసమన్నకు ఖాళీగా తిరిగేదేదైనా పడదు. మనిషైనా సరే, ఆటో అయినా సరే, మిల్లింగ్ కట్టర్ అయినా సరే.

జల్‌పల్లిలోని మా వర్క్‌షాపులో కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషన్ల ప్రోగ్రాములకు ఆయనే పెద్ద. ఇనుమును చెక్కే కట్టర్ ఎటు పోవాలో, ఎక్కడ లేవాలో, ఎక్కడ దిగాలో అంతా ఆయన చెప్పినట్టే. అది ఇనుమును తాకకుండా గాలిలో జానెడు జరిగిందంటే ఆయన ప్రాణం గిలగిలలాడుతుంది. నేను రాసిన ప్రోగ్రాము చూస్తే ఇక లొల్లే.

"గీడ కోసి, గా మూలకెందుకు ఉరికిందిరా? ఆడేమన్న దావత్ ఉందా?"

"ఆడ గూడ హోల్ ఎయ్యాలె కదన్నా."

"దారిల ఉన్నయి ముందుగాల ఎయ్యొద్దా? కట్టర్‌ను షికారు తిప్పుతున్నవ్!"

లాల్‌దర్వాజాలో వాళ్ళింట్లోనూ ఇదే గోల. ఆండాలు వదిన వంటింట్లోంచి చేతులూపుకుంటూ వస్తే ఊరుకోడు. "ఒట్టిగ వస్తున్నవేంది? గ్లాసెడు నీళ్ళన్న పట్టుకరా!" అన్నాడొకసారి. ఆమె తెచ్చి నెత్తిన పోసింది. ఆయన ముఖం తుడుచుకుని, "పోయేటప్పుడు గ్లాసు తీస్కపో, ఒట్టిగ పోకు" అన్నాడు.

మహంకాళి గుడిలో ప్రదక్షిణ మరీ కష్టం. బయలుదేరిన చోటికే తిరిగి రావడం ఆయన శాస్త్రంలో మహాపాపం. అందుకని చీపురు పట్టి ఊడుస్తూ తిరిగాడు. పూజారి మురిసిపోయి, "శుక్రవారం గూడ రా కైలాసం" అన్నాడు.

అలాంటి మనిషి ప్రోగ్రాములో ఒకరోజు వింత చూశాను. మాలో పెద్దవాడైన ఇశ్రాయేలు బాపు మిషన్‌లో కట్టర్ పని ముగించి, పైకి లేచి, తీరుబడిగా గాలిలో తిరుగుతోంది!

"అన్నా, గిదేంది? షికారు!"

చటుక్కున నా నోరు మూశాడు. "మెల్లగ! బాపు మోకాళ్ళు చూస్తలేవా? మిషన్ ఆగినంక గూడ కూసుంటే సేట్ ఇంటికి తోల్తడు. మిషన్ తిరుగుతుంటే ఏమనడు."

"మరి పని తక్కువ కాదా?"

"గందుకే కదరా, మీ మిషన్ల మీద ఇంతింత టైమ్ గీకి ఆడ పెడుతున్న!"

నాకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. అంతలో ఓనరు ప్రేమ్‌రాజ్ సేట్ వచ్చి సరిగ్గా ఆ మిషన్ ముందే నిలబడ్డాడు. బాపును మాన్పించడానికి ఆయన ఎప్పటినుంచో సాకు వెతుకుతున్నాడు.

"కైలాసం, యే క్యా హై? కట్టర్ ఊరికెనే తిరుగుతుంది?"

బాపు స్టూలు మీంచి లేవబోయాడు.

"కూలింగ్, సేట్" అన్నాడు కైలాసమన్న రెప్ప వెయ్యకుండా. "గాలిల తిప్పితే కట్టర్ చల్లారుతది. మస్తు దినాలొస్తది."

సేట్ గడ్డం గోక్కున్నాడు. "క్యా దిమాగ్ హై! మరి ఒక్క మిషన్‌కే ఎందుకు? అన్నిటికీ పెట్టు!"

కైలాసమన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అన్ని కట్టర్లూ షికారా! కాదందామంటే బాపు ఇంటికి పోతాడు. ఆయన బాపు మోకాళ్ళ వైపు చూశాడు.

"పెడ్త సేట్."

అప్పటినుంచి మా అందరికీ కాసేపు కూర్చునే భాగ్యం దొరికింది. కట్టర్లు గాలిలో తిరిగినంతసేపూ కైలాసమన్న మాత్రం చూడలేక గోడవైపు తిరిగి నిలబడతాడు. ఇశ్రాయేలు బాపు కుంటుకుంటూ వెళ్ళి ఆయన వీపు నిమురుతాడు.

"అయిపోవచ్చింది కొడుకా, జర ఓర్చుకో."