పసుపు కలపని అన్నం

పందొమ్మిదివందల నలభైల్లో మాట. మాది ఐరాల, నాకప్పుడు పన్నెండేళ్లు. నాయన గుండె లయ తప్పిందని చిత్తూరు డాక్టరు చుక్కల మందు ఇచ్చి, "వాంతులైతే ఆపేసి పిల్చుకోని రాండి" అన్నాడు.

కొన్నాళ్లకు వాంతులు పట్టుకున్నాయి. నాయన తెల్లన్నం చూసి, "పసుపెందుకు కలిపినావు?" అని అమ్మను కసిరాడు.

పెదనాయన నవ్వాడు. "పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చనే" అంటూ పసరు తాగించాడు.

"చుక్కలు నిలిపేదా బావా?" అంది అమ్మ.

"అది గుండెకు, ఇది కామెర్లకు. రెండూ ఇస్తా ఉండు."

ఆ వారంలోనే నాయన పోయాడు. గుండెమందు ఎక్కువైనా అలా పచ్చగా కనిపిస్తుందని డాక్టరు తర్వాత చెప్పాడు. పెదనాయన మాత్రం తాను చచ్చేదాకా కామెర్లేనన్నాడు.

మా ఇంట్లో ఆ సామెత రానివాళ్లు లేరు. నాయన కళ్లలోకి చూసింది అమ్మ ఒక్కతే, అదీ వాటిని మూసేటప్పుడు. తెల్లగానే ఉన్నాయి.