చింతలోళ్ల పిల్ల

మొన్న నిజామాబాదులో మా తమ్ముడి కొడుకు కట్టుకున్న కొత్త ఇంటికి వెళ్లాను. గేటు మీద ఇత్తడి అక్షరాలతో 'చింతలాస్' అని ఉంది. చింతల మా ఇంటిపేరు. దానికి అతికించిన ఆ ఇంగ్లీషు తోక చూసి నవ్వొచ్చింది. మా పెద్దబాపు బతికుంటే ఆ గేటు దాటేవాడు కాదనుకున్నాను.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే చెరుకు బండ్లు తూకం వేసే చోట గుమాస్తా. చిన్నప్పుడు చదివింది ఉర్దూలో. రాష్ట్రం మారి బోర్డులన్నీ తెలుగులోకి వస్తున్న రోజుల్లో, నడివయసులో పట్టుబట్టి తెలుగు రాయడం నేర్చుకున్నాడు. అట్లా నేర్చుకున్నవాళ్లకు ఉండే చాదస్తం ఆయనకు కాస్త ఎక్కువే. చెరుకు ఆడే కాలంలో, ఊరంతా మడ్డి వాసన కమ్ముకున్న సాయంత్రాలు, వాకిట్లో మంచం వాల్చి మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకునేవాడు. "చింతల అంటేనే చింతచెట్లది అని. దానికింక 'లు' తగిలిస్తే బజార్ల కుప్పవోసిన సరుకైతది. మనుషులైతే చింతల వారు. మనది ఏదన్న ఉంటే చింతల వారిది. నోటితోని చింతలోళ్లు అన్నా నడుస్తది గని, రాసేటప్పుడు జర పైలం" అనేవాడు. ఆయన కూతురు, మా అక్క, వెంటనే "చింతల వారి బర్రె, చింతల వారి దూడ, చింతల వారి పేడ" అని రాగం తీసేది. ఇంకెవరన్నా అంటే కసిరేవాడే. అక్క అంటే మాత్రం పకపకా నవ్వేవాడు.

ఆ అక్కే డెబ్బైల మొదట్లో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఫిట్టర్ పని చేసే జాదవ్ అనే మరాఠీ అబ్బాయిని పెళ్లి చేసుకుంది. దండం పెట్టుకుందామని ఇద్దరూ వస్తే పెద్దబాపు వాకిట్లోనే ఆపాడు. గొంతు కూడా పెంచలేదు.

"ఇగ నుంచి ఎవరడిగినా చింతలోళ్ల పిల్లనని చెప్పకు."

అక్క కాసేపు నిలబడింది, ఇంకేమన్నా అంటాడేమోనని. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆమె వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు పెద్దబాపు పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఎవరూ కబురు పెట్టకుండానే అక్క వచ్చింది. ఒళ్లు తుడిచేది, జావ తాగించేది. ఆయన కళ్లు ఆమె వెంటే తిరుగుతుండేవి. ఒక మధ్యాహ్నం పక్క గల్లీ ముసలమ్మ పలకరించడానికి వచ్చింది. చూపు ఆనక అక్కను దగ్గరికి పిలిచి, "ఎవలోళ్ల పిల్లవు బిడ్డా?" అని అడిగింది. పెద్దబాపు కష్టం మీద మెడ తిప్పి అక్క నోటి వంక చూశాడు.

"జాదవోళ్ల కోడలినవ్వా" అంది అక్క.

ముసలమ్మ వెళ్లాక ఆయన, తిరగని నాలుకతో, "చింతలోళ్ల పిల్లననాలె... బిడ్డా" అన్నాడు.

"నువ్వే వద్దంటివి గద బాపూ."

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అదే ఆయనను ఎక్కువ కోసినట్టుంది. కళ్లనీళ్లు చెంపల మీదుగా చెవుల్లోకి జారాయి. అక్కే కొంగుతో తుడిచింది. ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లో లేడు.

ఆయన కోపం కరగడానికి పట్టిన ఏళ్లలోనే ఆమె ఎదురుచూపూ కరిగిపోయింది. ఏది కరగాలో ఏది మిగలాలో చూసుకుని నడిచే ఓపిక కాలానికి ఉండదు.