రెండు దారుల దగ్గర ఎర్రి పైడన్న

ఈ వేసవి సెలవులకి మా ఇంటికి వచ్చిన మనవరాలు మొన్న మధ్యాహ్నం అన్నం తిని, చేయి కడుక్కుని, తువ్వాలు పక్కనే ఉన్నా నా చీర చెంగుకే తుడుచుకుని, కథ చెప్పమని నా ఒళ్ళో కూలబడింది. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి, అంటే దాని మేనమామ, రెండు గంటల డ్యూటీకని వాకిట్లో మోటారు సైకిలు బయటికి తీస్తున్నాడు. పగలు కథలు చెప్పుకోకూడదు, మామ దారి తప్పుతాడు అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, మామ ఫోనులో మ్యాప్ ఉందిగా అని హిందీలో జవాబిచ్చి, ఇంక నాతో లాభం లేదన్నట్టు లేచిపోయి బొమ్మల వీడియోలు పెట్టుకుంది. మోటారు సైకిలు చప్పుడు వీధి మలుపు దాటి వినబడకుండా పోయేదాకా నేను అక్కడే కూర్చున్నాను.

మన ఈడు వాళ్ళకి ఈ కట్టుబాటు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ ఉక్కు కార్ఖానా ఊళ్ళో మా పేట బారిడీహ్‌లో మా పక్క క్వార్టర్ బిహారీ చాచీ ఇంట్లో కూడా అదే మాట, అదే మేనమామ, అదే దారి తప్పడం. పిల్లలు పట్టపగలు కథలకి అతుక్కుపోతే ఇంట్లో పని సాగదని పెద్దవాళ్ళు ఎవరో పుట్టించి ఉంటారు. అది నాకూ తెలుసు. తెలిసి కూడా, తొమ్మిదేళ్ళ వయసులో పగటి కథ విన్న ఆ ఒక్క రోజు తర్వాత, ఈ యాభై ఏళ్ళలో నేను సూర్యుడు ఉండగా ఎవరికీ కథ చెప్పలేదు, నా కడుపున పుట్టినవాళ్ళకి కూడా. ఎందుకని అడిగితే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేదాన్ని.

డెబ్బైల మొదట్లో సంగతి. మా నాన్న కార్ఖానాలో షిఫ్టుల మీద పని చేసేవాడు. అమ్మ తమ్ముడు, మా మావ, శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు సరిగా రాకముందే వచ్చి మా దగ్గరే ఉండి, ఒక ఠేకాదారు, అంటే కంట్రాక్టరు, కింద ఖలాసీగా కుదిరాడు. బరువైన ఇనప దిమ్మల్ని తాళ్ళతో, గొలుసులతో పైకెత్తే పని. అరిచేతులు చెప్పు అట్టల్లా ఉండేవి. ఆ చేతులున్న మనిషి నోట్లోంచి ఎర్రి పైడన్న అనే కథల మనిషి ఎలా పుట్టాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రాజకుమారుల కథలంటే నాకు అప్పుడే చిరాకు. ఏడు సముద్రాలు దాటడం, ఎవరినో చంపడం, వచ్చి పెళ్ళి చేసుకోవడం తప్ప వాళ్ళకి వేరే ధ్యాస ఉండదు, పైగా ఒక్కడూ నవ్వించడు. పైడన్న అలా కాదు. వానలో ఏరు తడిసిపోతోందని ఒడ్డున నిలబడి దానికి గొడుగు పట్టేవాడు. రాయి తగిలి బొటనవేలు చితికితే, నీకు దెబ్బ తగిలిందేటి అని రాయినే అడిగి, దానికి పసుపు రాసి గుడ్డ కట్టేవాడు. మిట్ట మధ్యాహ్నం నీడ కనిపించకపోయేసరికి తనే దాన్ని కాలికింద తొక్కేశానని హడలిపోయి, సాయంత్రం దాకా ఒంటికాలి మీద నిలుచునేవాడు. మావ తనతో పాటు పైడన్నని కూడా మా ఊరికి తీసుకొచ్చాడు. ఇక్కడికి రాగానే షిఫ్టు వేళకి మోగే కార్ఖానా భోంపు కూత విని, పాపం ఎక్కడో ఇంత పెద్ద ఆవు ఆకలితో అరుస్తోందని ఒక గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు పైడన్న. కొలిమిలో కరిగిన ఇనప మడ్డి పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడితే, సూర్యుడు ఇంటికెళ్ళడం మరిచిపోయాడనుకుని మేడెక్కి కేకలేశాడు. వీటిలో ఒక్కదాని వల్ల కూడా ఎవరికీ నీతి తెలియదు. తెలివి రాదు సరికదా, ఉన్నది కూడా పోయేది. నేనూ మా తమ్ముడూ పొట్ట పట్టుకుని దొర్లేవాళ్ళం. రోజంతా వేడిలో మాడి వచ్చిన మనిషి స్నానం చేసి కూర్చుని ఇవన్నీ చెబుతుంటే, ఆ నల్లటి ముఖంలో మొదట అలసట పోయేది, తర్వాత వయసు పోయి మా ఈడువాడు అయిపోయేవాడు. లోకంలో ఇంతమంది తెలివైనవాళ్ళ కథలు రాసిపెట్టారు గాని, ఆపదలో మనిషిని నిలబెట్టేది ఒక్కోసారి ఇలాంటి ఎర్రివాడేనని నా నమ్మకం.

మా క్వార్టర్ నుంచి మావ పనిచేసే గేటుకి రెండు దారులు. ఒకటి వంతెన కిందుగా చుట్టు తిరిగి పోయే పెద్ద దారి. రెండోది రైలు పట్టాలు దాటే ఫాటక్ మీదుగా పోయే అడ్డదారి. ఆ ఫాటక్ దగ్గర గూడ్సు బండి ఆగిందంటే గంటలు గంటలు కదలదు. షిఫ్టు వేళకి అందుకోవాలని జనం సైకిలు పడుకోబెట్టి బండి కిందనుంచి తోసి, తాము కూడా వంగి అవతలికి దూరేవాళ్ళు. అప్పట్లో అదొక వింతే కాదు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు కూడా అలాగే దూరేవాళ్ళు. అమ్మ మాత్రం మావ చేత తన నెత్తిమీద చేయి వేయించి, ఫాటక్ దారిన పోనని ఒట్టు పెట్టించింది. మా దగ్గర ఉన్న మూడేళ్ళూ వాడు చుట్టుదారినే వెళ్ళాడు.

ఆ వారం మావది రెండింటి నుంచి పదింటి దాకా షిఫ్టు. అంటే వాడు వచ్చేసరికి మేము నిద్రపోయేవాళ్ళం, వారమంతా కథ ఉండదు. వేసవి కాబట్టి మాకు పొద్దుటి బడి, పదకొండున్నరకల్లా ఇంట్లో ఉండేదాన్ని. నాలుగు రోజులు ఓర్చుకుని అయిదో రోజు మావ సైకిలు క్యారియర్ మీద ఎక్కి కూర్చుని, కథ చెబితేగాని దిగనని భీష్మించాను. అమ్మ పగటి కథలంటూ కసిరింది, అది తన తమ్ముడి దారి సంగతి కదా. మావ బూటు తాడు కట్టుకుంటూ, “మావే కత చెప్తంటే మావ దారెలాగ తప్పుతాడే? మావ ఇక్కడే ఉన్నాడు గదా” అన్నాడు. పైడన్న కూడా ఇంతకంటే గొప్ప తర్కం చేయలేడు. అమ్మకి నవ్వొచ్చింది.

నాన్న రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపల పడుకున్నాడు. అందుకని వెనక మెట్ల మీద గుసగుసగా చెప్పాడు మావ, మేము నవ్వు బయటికి రాకుండా చెరో తువ్వాలు నోట్లో కుక్కుకున్నాం. పైడన్న చెల్లెలి ఊరికి బయల్దేరాడు. నడిచి నడిచి రెండు దారులు చీలే చోటికి వచ్చాడు. పొడుగు దారి, నా మీంచి రావయ్యా, నా దగ్గర చెట్లున్నాయి అంది. పొట్టి దారి, నా మీంచి రావయ్యా, బేగి చేరతావు అంది. ఒకదాని మీద కాలేస్తే రెండోది నొచ్చుకుంటుంది కదా. ఏం చెయ్యాలో తోచక పైడన్న మూట దించి, రెండింటికీ మధ్యన చతికిలబడ్డాడు. మీరిద్దరూ ఒక మాట మీదకి రండి, అప్పుడు లేస్తాను అన్నాడు. ఈలోగా మొదటి భోంపు మోగింది. టిఫిను డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మ ఉలిక్కిపడింది. మావ ఒక్క ఉదుటున లేచి, “మిగతాది వచ్చి చెప్తానమ్మీ” అన్నాడు. నేను అలిగి లోపలికి పోయాను. వాకిట్లో అక్కా తమ్ముడూ ఏదో మాట్లాడుకోవడం వినబడింది గాని, ఏమిటో వినలేదు.

మూడు గంటల వేళ ఇద్దరు మనుషులు సైకిళ్ళు దిగి, గేటు తీయకుండా బయటే నిలబడ్డారు. ఫాటక్ దగ్గర గూడ్సు బండి ఆగి ఉందట, మావ సైకిలుని అవతలికి తోసేశాడట, తను సగంలో ఉండగా బండి ఒక్క కుదుపుతో కదిలిందట. నాన్న నిద్ర మొహంతోనే చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. మావని మేము మళ్ళీ చూడలేదు, పిల్లలకి చూపించలేదు. సాయంత్రం సైకిలు ఇంటికొచ్చింది, హ్యాండిలుకి టిఫిను డబ్బా అలాగే వేలాడుతోంది, మూత కూడా ఊడలేదు. పరామర్శకి వచ్చిన ఆడవాళ్ళంతా ఒకటే మాట. రోజూ చుట్టుదారిన పోయేవాడు, ఇయాల ఆ దారి ఎందుకు పట్టాడమ్మా అని. ఎందుకో నాకు తెలుసు అనుకున్నాను. కథ విన్నది నేను. మావని చంపింది నేను. ఆ మాట ఎవరికైనా చెబితే నన్ను ఇంట్లోంచి పంపేస్తారని భయపడి నోరు కుట్టేసుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల అంత బరువు ఎలా మోసిందో అని ఇప్పుడు తల్చుకుంటే, ఆ పిల్ల మీద నాకే జాలేస్తుంది. మా ఇంట్లో ఆ తర్వాత కథలు లేవు. పైడన్న పేరు ఎవరూ ఎత్తలేదు.

పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నాన్న పోయాడు. అమ్మ మంచం పట్టిన ఆఖరి ఏడాది, ఒక మధ్యాహ్నం ఆమెకి జావ తాగిస్తుంటే, నాలో ఏ కట్ట తెగిందో గాని అంతా చెప్పేశాను. కథ అడిగి మావని చంపాను అన్నాను. అమ్మ నా చేతిలో చెంచా పట్టుకుని ఆపింది. “నువ్వేటే, చిన్నపిల్లవి. నానే సంపినాను. లేటయిపోతంది, బేగెల్లు, ఫాటక్ మీంచే ఎల్లిపోరా, ఒక్క రోజుకి ఏటీ అవదులే అన్నాను. ఒట్టు నానే తీసినాను” అంది. గడియారం చూస్తూ కూడా, కథ బాగుందని తమ్ముడిని లేపలేదట. ఆ ఇంట్లో ఒకే వంటింట్లో పక్కపక్కన కూరలు తరుగుతూ, ఇద్దరం ఒకే పాపాన్ని ఎవరికి వాళ్ళం ఒంటరిగా మోశాం. ముందే చెప్పుకుని ఉంటే సగం సగం అయ్యేది. ఆ రోజు ఇద్దరం జావ గిన్నె మధ్యన పెట్టుకుని ఏడ్చాం. మూడు నెలలకి అమ్మ పోయింది.

ఇప్పుడు ఆ ఫాటక్ మీద వంతెన వచ్చింది, బండి కింద దూరే పని లేదు. కిటికీలు మూసుకుని ఏసీలు వేసుకున్న ఇళ్ళలోకి భోంపు వినబడదు. మనవరాలి ఫోనులో కథలకి పగలూ రాత్రీ లేదు, ఏ మామ దారితోనూ వాటికి సంబంధం లేదు. వాటిలోనూ ఎర్రివాళ్ళున్నారు, కాదనను. కాకపోతే పరుగెత్తడం, గుద్దుకోవడం, మళ్ళీ లేచి పరుగెత్తడం, వాళ్ళకి ఊపిరాడదు. మా పైడన్న ఎన్ని తెలివితక్కువ పనులు చేసినా ఒక్కనాడు తొందరపడలేదు. ఆగిన గూడ్సు బండి ఎదురైతే దాని చక్రాన్ని పలకరించి, కాళ్ళు నొప్పులా అని అడిగి, అది కదిలిపోయేదాకా ఇవతలే చతికిలబడి ఉండేవాడు. మావ తను కల్పించిన వెర్రివాడిలో సగం వెర్రివాడైనా ఈపాటికి డెబ్బై దాటి, నోట్లో పళ్ళు లేకుండా ఆ కథ పూర్తి చేసి ఉండేవాడు.

నిన్న మధ్యాహ్నం, మా అబ్బాయి డ్యూటీకి బయల్దేరే వేళకే, మనవరాలిని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఏటికి గొడుగు పట్టడం దగ్గర నవ్వింది, గడ్డిమోపు దగ్గర పడి పడి నవ్వింది. రెండు దారుల దగ్గరికి వచ్చి ఆగాను. ఆ పిల్ల నా గడ్డం పట్టుకుని ఊపి, “ఫిర్?” అంది, తర్వాతేమిటని.

“ఇంకా అక్కడే కూర్చున్నాడమ్మా” అన్నాను. “వాడికేం తొందర లేదు.”

అన్నాక నాకే తెలిసింది, వాకిట్లో మావని సాగనంపిన నాడు మా ఇంట్లో ఎవరి నోటా రాని మాట ఆ తొందర లేదన్నదేనని.