బరువు కట్టెతో గోల్ఫ్ ఆడిన ఆదివారం

మా ముత్తాతను చుట్టుపక్కల ఊళ్ళలో ఏడు బావుల దొర అనేవారు. ఆయన కొడుకు, అంటే మా తాత, ఊరికి మునసబు. ఆయన గుర్రం దిగితే తప్ప చావడిలో పంచాయతీ మొదలయ్యేది కాదట. మా నాయన కాలానికి గుర్రం పోయి బుల్లెట్టు బండి వచ్చింది, పంచాయతీలు పోలీస్ స్టేషనుకు తరలిపోయాయి. అయినా జమ్మలమడుగు బస్టాండులో ఆయన కాలు పెడితే టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన పోయి నా వంతు వచ్చేసరికి, అదే టీకొట్టు ముందు నేను నిలబడితే, 'జరగన్నా, వెనకోళ్ళకు దోవ ఇయ్యి' అనేవారు.

ఆ రోజుల్లో, ఆస్తి కరిగేకొద్దీ మనిషి మెడ బిగుసుకోవాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. డిగ్రీ పూర్తయింది, ఉద్యోగం లేదు. (ఎవరైనా అడిగితే 'వ్యవసాయం చూసుకుంటున్నా' అనేవాణ్ణి. నిజానికి వ్యవసాయాన్ని మా చిన్నాయన చూసుకునేవాడు, నేను చిన్నాయనను చూసేవాణ్ణి.) గంజి పెట్టిన తెల్లచొక్కా లేకుండా వీధిలోకి వచ్చేవాణ్ణి కాదు. భుజం మీది తువ్వాల కిందపడితే వంగి తీసుకోవడం కూడా నామోషీ. ఎవరైనా తీసి ఇస్తారేమోనని దాని పక్కనే నిలబడేవాణ్ణి. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. చివరికి మా అవ్వే వచ్చి, "ఏంది నాయనా, తువ్వాలకు కాపలా కాస్తాండావా?" అంటూ తీసి ఇచ్చేది.

మా ఊరి వెనక సున్నపురాయి గుట్ట ఒకటి ఉండేది. అది మాది, దాని పైనున్న గొర్రెల దొడ్డి కూడా. కొత్తవాళ్ళకు దోవ చెప్పాలంటే ఊళ్ళో అందరూ 'దొరోళ్ళ గుట్ట కాడ ఎడమకు తిరుగు' అనేవారు. నిజం చెప్పాలంటే అప్పటికి మా వంశం పేరు జనం నోట వినబడేది ఆ ఒక్క మాటలోనే. ఆ దగ్గర్లోనే ఒక సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. దాని కన్ను మా గుట్ట మీద పడింది. కొంటామని కబురు పెట్టారు. నేను ససేమిరా అన్నాను. లీజుకు ఇస్తే రాయి వాళ్ళది అవుతుంది, గుట్ట మాత్రం మా పేరు మీదే ఉంటుందని నా వాదన. చిన్నాయనకు కూడా సగం హక్కు ఉంది గానీ, "నువ్వు సదువుకున్నోడివి, నువ్వే మాట్లాడప్పా" అని ఆ బరువు నా మీద పెట్టేశాడు. నాకు కావలసింది కూడా అదే.

ఫ్యాక్టరీలో ఈ విషయం తేల్చవలసిన మనిషిని ఊళ్ళో అందరూ పెద్దసారు అనేవారు. గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. ఆఫీసుకు వెళ్ళి లీజు సంగతి ఎత్తాను. ఆయన కాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్‌ను అటూ ఇటూ తిప్పి, "ఆదివారం పొద్దున మా ఫ్యాక్టరీ కాలనీ గ్రౌండుకి రండి. గోల్ఫ్ ఆడుతూ మాట్లాడుకుందాం. మీకు అలవాటుందా అండీ?" అన్నాడు. లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఏడు బావుల దొర మునిమనవడు, ఒక ఉద్యోగస్థుడి ముందు, ఏదైనా రాదని ఎట్లా అంటాడు? "అలవాటు లేకేం. ఈ మధ్య తీరిక లేక తగ్గించాను" అన్నాను.

ఇంటికి వచ్చి చెప్పగానే చిన్నాయన గడ్డం గోక్కున్నాడు. "యాడ ఆడినావురా నువ్వు గోల్ఫు?"

"టీవీలో చూసినా చిన్నాయనా. బాల్‌ను కట్టెతో కొట్టాల, గుంతలో ఎయ్యాల. అంతే."

"అంతేనా? మన పిల్లోళ్ళు ఆడే చిల్లాకట్టె మాదిరే ఉండాదే! అయితే నేనూ వస్తా. నువ్వు గెలిస్తే ఊళ్ళో చెప్పేదానికి ఒకడు ఉండాల గదా."

ఇక్కడ మా చిన్నాయన ఎద్దుల గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ ఆదివారం నేను చేసిన పని మీకు బొత్తిగా పిచ్చిగా కనిపిస్తుంది. (చెప్పాక కూడా కనిపిస్తుందేమో.) మా వైపు తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు జరుగుతాయి. పళ్ళు రాలని లేత ఎద్దులకు చిన్న బండ కడతారు, వాటిని పాలపళ్ళ ఎద్దులంటారు. వయసు పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద బండ సీనియర్లది. మా చిన్నాయన జత సీనియర్లలో లాగేది. పెద్ద బండ లాగే ఎద్దులు తెచ్చినవాడు తిరునాళ్ళలో మీసం తిప్పుకుంటూ తిరుగుతాడు, పాలపళ్ళ జత తెచ్చినవాణ్ణి పిల్లలు కూడా పట్టించుకోరు. నేను పుట్టిన దగ్గర్నుంచి నేర్చుకున్నది ఇదే: ఎంత పెద్ద మనిషో, అంత పెద్ద బండ.

ఆదివారం పొద్దున్నే గంజిచొక్కాలో, కిర్రు చెప్పుల్లో, చిన్నాయనను వెంటబెట్టుకుని కాలనీకి వెళ్ళాను. టీవీలో చూసిన పచ్చిక తివాచీలేవీ లేవక్కడ. ఎర్రటి నేల, అక్కడక్కడా తుమ్మచెట్లు, గుంత చుట్టూ మాత్రం పాత ఇంజన్ నూనె కలిపి చదును చేసిన నల్లటి ఇసుక. మా చేనుకూ దీనికీ తేడా ఏమిటంటే ఇక్కడ ఒక జెండా ఉంది. పెద్దసారు అప్పటికే వచ్చి, సంచిలోంచి ఒక కట్టె తీసి మెల్లగా అటూ ఇటూ ఊపుతున్నాడు. చివర లావుగా, లోపల సీసం పోసినట్టు ఉంది. కొంతసేపు ఊపి, భుజాలు విదిలించుకుని నాకు అందించాడు. "మీరు కూడా కాస్త తిప్పండి. ఒళ్ళు వేడెక్కుతుంది."

అందుకున్నాను. చెయ్యి కిందికి జారింది. రోకలి ఇంతకన్నా తేలిక. ఆయన పట్టుకున్నది నేను పట్టుకోలేనా అని రెండు చేతులా బిగించి పట్టి నిలబడ్డాను. ఇంతలో ఆయన సంచిలోంచి మరో కట్టె తీశాడు. సన్నగా, తళతళలాడుతూ ఉంది. "ఇక ఇది తీసుకోండి. అది ఇటిచ్చేయండి" అన్నాడు.

నాకు నెత్తురు మొహంలోకి ఎక్కింది. అంటే ఏమిటి? సీనియర్ బండ నా చేత ఒకసారి ఎత్తించి చూసి, నావల్ల కాదని తేల్చేసి, పాలపళ్ళ బండ ముందు కడుతున్నాడా? చిన్నాయన వైపు చూశాను. ఆయనకూ అదే అర్థమైనట్టుంది, మీసం మీదికి చెయ్యి పోయింది.

"నేను దీంతోనే ఆడతాను" అన్నాను.

పెద్దసారు కంగారుపడ్డాడు. "అది ఆడే కట్టె కాదండీ. ఆటకు ముందు చేతులు సాగడానికి తిప్పుకోవడమే. దాన్ని తిప్పాక అసలు కట్టె తేలిగ్గా అనిపిస్తుంది."

ఇంతకన్నా స్పష్టంగా ఏ మనిషీ ఏ మనిషికీ చెప్పలేడు. నాకు అర్థమైంది కూడా. కానీ అప్పటికే మాట నోరు దాటిపోయింది. దాటిన మాటను వెనక్కి పిలిచిన చరిత్ర మా ఇంట్లో లేదు. (మా ఆస్తి ఎట్లా పోయిందని నన్నెవరైనా అడిగితే ఇదే చెబుతాను.) "మా ఇంట్లో ఇదే అలవాటు" అన్నాను. ఆ వెంటనే చిన్నాయన అందుకున్నాడు. "మావోడు సీనియర్ కేటగిరీ సార్. తేలికవి ముట్టుకోడు."

మొదటి దెబ్బకు కట్టె ముందుపోయింది, దాని వెనక నేను పోయాను. ఒక చుట్టు తిరిగి పెద్దసారుకు వీపు చూపిస్తూ ఆగాను. బాల్ ఉన్నచోటే ఉంది. రెండో దెబ్బ బాల్‌కు జానెడు ఇవతల నేలకు తగిలింది. ఆ అదురు మోచేతుల్లోంచి పళ్ళలోకి వచ్చింది, ఎర్రదుమ్ము లేచి గంజిచొక్కా నిండా పడింది. "పునాది తీస్తాండావా ఏందిరా?" అని చిన్నాయన చెవిలో గొణిగాడు. ఆ తర్వాతి దెబ్బకు బాల్ కదిలిన మాట నిజం. పక్కనున్న తుమ్మచెట్టు దాకా దొర్లి, ముళ్ళలో కూర్చుంది. "బాగా కొట్టారండీ" అన్నాడు పెద్దసారు. అట్లాంటి మంచి మనిషి అబద్ధం చెప్పేటప్పుడు ఎదుటివాణ్ణి చూడలేడు. ఆయన ఆకాశం వైపు చూశాడు.

ఆయన సన్నకట్టెతో అలవోకగా కొట్టుకుంటూ పోతున్నాడు. నేను ఆ రోకలిని మోసుకుంటూ వెనక. నడుస్తూ ఆయన రెండు మూడుసార్లు "ఆ గుట్ట సంగతండీ..." అని మొదలుపెట్టాడు. ప్రతిసారీ నా వైపు తిరగడం, నా మొహం చూడటం, "సరే, ముందు మీరు ఆడండి" అని ఆపేయడం. నా మాటల కోసం ఎదురు చూస్తున్నాడనుకున్నాను. ముత్తాత దగ్గర మొదలుపెట్టి లీజు దగ్గర ముగించే ఉపన్యాసం ఒకటి బట్టీపట్టి ఉంచుకున్నాను. నల్ల ఇసుక దగ్గర బాల్ మీద చివరి దెబ్బ గట్టిగా వేసి, గర్వంగా నిటారుగా నిలబడి, మొదలుపెడదామనుకున్నాను.

దెబ్బ వేశాను. నడుములో ఏదో పటుక్కుమంది. అంతే, వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. కట్టె మీద రెండు చేతులు, నేల మీద చూపు, సరిగ్గా పెద్దసారు పాదాల ముందు తల. లేద్దామంటే నడుము నాది కాదు. అరుద్దామంటే వంశం అడ్డం వచ్చింది.

పెద్దసారు గాభరాగా రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యయ్యో, ఇదేంటండీ! మీలాంటివారు నాకు ఇట్లా మొక్కడం ఏం బాగుంటుంది. లేవండి, లేవండి."

"మొక్కడంల్యా సార్!" చిన్నాయన గొంతు ఖంగుమంది. "మా వంశంలో మొక్కేవోళ్ళు ల్యారు. మావోడు బాల్‌ను సూస్తాండాడు!"

దాంతో పాపం పెద్దసారు కూడా నా పక్కన వంగి, బాల్‌ను చూడటం మొదలుపెట్టాడు. బాల్‌లో ఏముందోనని చిన్నాయనా వంగాడు. ముగ్గురం అట్లా ఎంతసేపు చూశామో తెలియదు. నా ముక్కు మీది నుంచి చెమటచుక్క బాల్ మీద పడ్డాక, "చిన్నాయనా, ఎత్తుకో" అన్నాను.

ఫ్యాక్టరీ జీపు వెనక, బోర్లా పడుకుని ఊళ్ళోకి వచ్చాను. ఊరంతా చూసింది. అవ్వ నన్ను నడవలో చల్లటి బండ మీద పడుకోబెట్టి, వేడి ఇసుక మూటతో కాపడం పెట్టింది. "కట్టెతో ఆడేదానికి పోయి కట్టె మాదిరి వచ్చినావే నాయనా" అన్నది తప్ప ఇంకేమీ అనలేదు.

నాలుగు రోజుల తర్వాత పెద్దసారు చూడటానికి వచ్చాడు. చిన్నాయన కుర్చీ వేశాడు. ఆయన కుర్చీని చూశాడు, కింద పడుకున్న నన్ను చూశాడు, వచ్చి నా పక్కనే బండ మీద బాసీపట్టు వేసుకుని కూర్చున్నాడు. పైకప్పును చూస్తూ ముత్తాత దగ్గర మొదలుపెట్టే ఉపన్యాసం ఎవరు మాత్రం చెప్పగలరు? "సార్, గుట్టను లీజుకే తీసుకోండి. పేరు మాకు ఉండనీయండి" అన్నాను. పుట్టాక నేను ఒకరిని బతిమాలి అడిగిన మొదటి మాట అదే.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కంపెనీ లీజు ఒప్పుకోలేదండీ. ఆ మాట చెప్పడానికే ఆదివారం రమ్మన్నాను. ఆఫీసులో బల్లకు అటూ ఇటూ కూర్చుని చెప్పడం నాకు చేతకాలేదు. నడుస్తూ, ఆడుతూ అయితే చెప్పగలననుకున్నాను. తీరా మీరు ఆ కట్టె పట్టుకుని అంత కష్టపడుతుంటే..." అని ఆగి, "ఇంక నోరు రాలేదండీ" అన్నాడు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వితే నడుము లాగుతుంది కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాను. ఆయన నన్ను ఏ బండకూ కట్టలేదు, ఏ పరీక్షా పెట్టలేదు. నా చెయ్యి తేలిక చేద్దామని సన్నకట్టె ఇవ్వబోయాడు, అంతే. "అయితే మేం ఇయ్యం సార్" అందామని నోరు తెరిచాను. గడపలో కూర్చుని అంతా వింటున్న అవ్వ ముందుగా అన్నది: "రాయంతా తవ్వుకొని పోయినాంక నీ పేరు దేనికి పెడతావు నాయనా? గుంతకా?"

చిన్నాయన ఫక్కున నవ్వాడు. పెద్దసారు నవ్వు ఆపుకోలేక అవ్వ ఇచ్చిన మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. నేనూ నవ్వాను. నడుము పట్టేసింది, అయినా నవ్వాను.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతోంది. పొద్దుటూరులో చిన్న ఉద్యోగం, అద్దె ఇల్లు. వారానికి ఒకసారి ఆ కాలనీ గ్రౌండుకు వెళతాను. ముందు బరువు కట్టె మెల్లగా తిప్పుతాను, పక్కన పెడతాను, తర్వాత సన్నకట్టె తీసుకుంటాను. అది చేతిలో ఎంత తేలిగ్గా ఉంటుందంటే, ఆనాటి ఆ గంజిచొక్కా కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, 'పట్టుకో అబ్బీ, ఏమీ పోదు' అనాలనిపిస్తుంది. బజారులో నన్ను చూసినవాళ్ళు, 'ఆస్తి పోయినా ఆయప్పకు బింకం పోలేదు, ఇప్పటికీ నడుము వంచడు సూడు' అనుకుంటారు. వంగొద్దని చెప్పింది డాక్టరని నేను ఎవరికీ చెప్పను.

గుట్టను ఆ ఏడాది వేసవిలోనే అమ్మేశాం, పైనున్న గొర్రెల దొడ్డితో సహా.