కాన్సరు కణాల పక్కన చిన్నరసాలు

నా పరిశోధన ఎలా మట్టికొట్టుకుపోయిందని ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను: గంపెడు చిన్నరసాల వల్ల. వినండి, నవ్వండి. నాకైతే ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

ఎనభైల్లో హైదరాబాదులో ఒక ల్యాబులో మా గైడు సారు దగ్గర కాన్సరు కణాల మీద పనిచేసేదాన్ని. కణం లోపల సన్నటి దారాలు పందిరి రాటల్లా దాన్ని నిలబెడతాయి. కొన్ని ప్రొటీన్లకు ఫాస్ఫేటు అతుక్కుంటే ఆ రాటలు సడలిపోతాయి. కణం పట్టు వదిలి, పాకుతూ పొరుగు కణాల్లోకి చొరబడుతుంది. ఆ చొరబాటును నేను ఆ వేసవిలో చూపించాలి. చూపిస్తేనే ఫెలోషిప్పు పొడిగింపు, లేకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే.

సరిగ్గా అప్పుడే మా ఊరు నూజివీడు వెళ్లాను. మా నాన్న మామిడి వ్యాపారి. ఆగిరిపల్లి తోటలో కోసిన పచ్చికాయల్ని గంపలో గడ్డి పరిచి సర్దారు.

"మీ సారుకివ్వమ్మా. మగ్గాకే ఇవ్వు. పచ్చికాయ చేతిలో పెడితే మన పరువు పోద్ది."

"హాస్టల్లో ఎక్కడ మగ్గేస్తాను నాన్నా?"

"వెచ్చటి మూల చూడు. గడ్డి మాత్రం తియ్యకు."

పితృవాక్య పరిపాలన చేశానండీ. నాకు తెలిసిన వెచ్చటి మూల ఒక్కటే, నా కణాలు పెరిగే ఇంక్యుబేటరు. వ్యాపారి కూతురికి ఖాళీ అర కనబడితే చేతులూరుకోవు. గడ్డితో సహా కాయలు కింది అరలో పెట్టి తలుపు మూశాను.

తర్వాత ఓ ఉదయం మైక్రోస్కోపులో చూస్తే కణాలు పెంచే డిష్షు నిండా దారాలు. కణాల మధ్యలోంచి, మీద నుంచి అల్లుకుపోతున్నాయి. సంతోషం పట్టలేకపోయాను. పరుగున వెళ్లి సారును తీసుకొచ్చాను.

"సార్, చొరబాటు మొదలైంది, చూడండి."

ఆయన చాలాసేపు చూశారు. "చొరబాటేనమ్మా. కాకపోతే ఇది బూజు." తలెత్తి గాలి పీల్చారు. "ఇక్కడ మామిడికాయల వాసనేంటి?"

ఇంక్యుబేటరు తెరిచి చూపించాను.

"ఇవెందుకు పెట్టావు?"

"మీకోసమే సార్."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజే డిష్షులన్నీ పారబోశాం. గడ్డి పరవనేల, బూజు కడగనేల. మళ్లీ కణాలు పెంచేలోగా నా గడువు అయిపోయింది.

పెట్టెతో, ఖాళీ గంపతో ఇంటికొచ్చి నాన్నకు అంతా చెప్పి ఏడ్చాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"కాయలు మగ్గాయా మరి?"

"లేదు నాన్నా. అవీ కుళ్లాయి."

అప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక జన్మలో ఇంక్యుబేటరులో కాయలు మగ్గేయనని ఆ గంప మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇంతవరకూ తప్పలేదు. తప్పుదామన్నా, నాకు మళ్లీ ఇంక్యుబేటరు అప్పగించినవాళ్లు లేరు.