మా అన్న గొంతు

మా అన్న సినిమాల్లో గజదొంగ. గుర్రం మీద కొండల్లోంచి దూసుకొచ్చి, ఆ బొంగురు గొంతుతో రెండు మాటలు అంటే చాలు, టూరింగ్ టాకీసులో పిల్లలు తల్లుల ఒడిలో ముఖం దాచుకునేవాళ్లు. ఆ గొంతు గురించి జనం గొప్పగా చెప్పుకునేవాళ్లు. అది ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదని, అట్లా కావడంలో నా తప్పు కూడా ఉందని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది చిట్యాల దగ్గర ఒక ఊరు. నేతపని ఇల్లు. బాపు గుంట మగ్గంలో కూర్చుంటే అమ్మా నేనూ నూలు కండెలు చుట్టేవాళ్లం. అన్నకు మగ్గం మీద మనసు నిలిచేది కాదు. నాట్లు వేసే ఆడవాళ్ల వెంట ఒడ్డు మీద నడుస్తూ వాళ్ల పాటలు నేర్చుకునేవాడు. కొన్నాళ్లకు తనే కట్టడం మొదలుపెట్టాడు. ఎవరి బర్రె తప్పిపోయినా, ఏ ఇంట్లో అత్తాకోడళ్లు పోట్లాడుకున్నా సాయంత్రానికల్లా పాట తయారు. పోట్లాడిన కోడలు కూడా వచ్చి కూర్చుని నవ్వేది. బాపు తిట్టడానికి నోరు తెరిచేవాడు గానీ, పాట అయ్యేదాకా ఆగి, అప్పుడు తిట్టేవాడు.

అన్నకు మీసాలు వచ్చే వయసులో దొర గడీ నుంచి కబురొచ్చింది. వెట్టికి ఇంటికొకరు పోవాల్సిందే. అన్నను గుర్రాలశాలలో పెట్టారు. ఉలవలు నానబెట్టడం, లద్దె ఎత్తడం, గుర్రాల ఒళ్లు రుద్దడం. ఆ చాకిరీలోనే స్వారీ నేర్చుకున్నాడు. జీను లేకుండా, జూలు పట్టుకుని ఒక్క గంతులో ఎక్కేవాడు.

దొరల మీద తిరగబడ్డ సంఘం మా ఊరికి వచ్చాక దొర పట్నం పారిపోయాడు. గడీ తలుపులు తెరిచిన రోజు జనం ధాన్యం పంచుకుంటే, అన్న తాను మేపిన ఎర్ర గుర్రాన్ని తీసుకున్నాడు. ఇక ఊరూరా తిరిగి పాడటమే పని. నిజాం తరఫు రజాకార్లు వస్తున్నారని తెలిస్తే ముందుపోయి ఊళ్లను హెచ్చరించేవాడు. అప్పటికే నాకు కోస్గిలో పెళ్లయింది. పుట్టింటికి వచ్చినప్పుడు ఒక్కసారి మాత్రం ఆ రోజుల పాట విన్నాను. దొరసాని మేనా మోస్తున్న బోయీకి దారిలో తన బిడ్డ పెళ్లి బాజాలు వినిపిస్తాయి. భుజం మీది బరువు దించలేడు, ఆగి చూడలేడు. అదీ పాట. కూర్చున్నవాళ్లంతా కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

పాట అయ్యాక అన్న నా దగ్గరికి వచ్చి, "మంచిగున్నదా చెల్లె?" అని అడిగాడు.

"జర పొడుగైంది" అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు. నేనూ ఏడ్చానని ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

తర్వాత నిజాంను దించడానికి ఢిల్లీ మిలిటరీ వచ్చింది. రజాకార్ల పీడ పోయిందని మా ఊరివాళ్లు దండలు పట్టుకుని ఎదురెళ్లారట. కొన్నాళ్లకే అదే మిలిటరీ వెనకాల దొర తిరిగొచ్చాడు. దొర భూములు పంచుకున్నవాళ్లను, పాటలు పాడినవాళ్లను వెతకడం మొదలైంది. అన్న గుర్రాన్ని వదిలేసి, చెట్లూ గుట్టలూ పట్టి తిరిగి, ఒక మధ్యాహ్నం కోస్గిలో మా గడపలో వచ్చి నిలబడ్డాడు.

"చెల్లె, ఏమన్న ఉన్నదా తిననీకి?"

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాను. నా ఒళ్లో మూడు నెలల కొడుకు. మా ఆయన బట్ట అమ్మడానికి సంతకు పోయాడు. అన్న తింటూ తింటూ, "పది దినాలు గీడ ఉంటనే. మగ్గం గుంటల కూసుంటే నన్నెవ్వలు గుర్తువడ్తరు? బావతోటి నేసుకుంట ఉంట" అన్నాడు.

ఎన్నడూ మగ్గంలో నిలకడగా కూర్చోని మనిషి.

అంతలో అత్త నన్ను లోపలికి పిలిచింది. "సంఘపోళ్లకు అన్నం వెట్టిన్రని నిన్న ఇద్దర్ని కట్టేసి కొట్టిన్రట. నాకున్నది ఒక్కడే కొడుకు. ఇగ నీ ఇష్టం" అంది. పంపించెయ్యమని ఆమె అనలేదు. ఆ మాట అన్నది నేనే.

"అన్నా, గీడ వద్దు. పాలమూరు పోయి రైలెక్కు. కర్నూలు దాటితే నిన్నెవ్వలు అడుగరు."

"గీ మాట నీదా, మీ అత్తదా?"

"నాదే."

సగం రొట్టె ఉండగానే చేయి కడుక్కున్నాడు. నా కొడుకు తల నిమిరి, "పోరడు పైలం" అని వెళ్లిపోయాడు. సాయంత్రం మా ఆయన వచ్చి, సంగతి విని, భుజం మీది బట్టల మూట దించాడు. తర్వాత మెల్లగా, "ఉండనిస్తే ఏమైతుండె? నా పక్కన కూసోవెట్టుకుంటుంటి గద" అన్నాడు. ఆయన కోప్పడినా ఇంత బాధ ఉండేది కాదు.

ఏళ్లు గడిచాయి. అన్న చనిపోయాడనే అనుకున్నాం. బాపు ఆ దిగులుతోనే పోయాడు. ఒకసారి పాలమూరులో చుట్టాల పెళ్లికి పోయి, అందరితో కలిసి సినిమా చూస్తున్నాను. తెర మీద ఒక దొంగ జూలు పట్టుకుని ఒక్క గంతులో గుర్రమెక్కాడు. "మా అన్న!" అని లేచి నిలబడ్డాను. వెనకవాళ్లు కూర్చోమని అరిచారు. కానీ నోరు తెరిస్తే గొంతు ఆయనది కాదు. వేరే ఎవరితోనో మాట్లాడించారు కాబోలు అనుకున్నాను.

మా ఆయన మద్రాసులోని స్టూడియోకు ఉత్తరం రాశాడు. కొన్ని నెలలకు అన్న వచ్చాడు. ఎండాకాలంలో కూడా మెడకు పట్టు రుమాలు. వాకిట్లో వాడకట్టంతా చేరి దొంగ మాటలు చెప్పమంటే, చెప్పాడు. అదే బొంగురు గొంతు. అందరూ పోయాక, "అన్నా, గా బోయీ పాట పాడరాదు" అన్నాను.

ఆయన రుమాలు విప్పాడు. మెడ మీద ఉంగరం వేలంత మచ్చ.

"పాటేడున్నదే? పాలమూరు టేషన్ల టికెట్ తీసుకుంటుంటె పట్టుకున్నరు. మిలిటరీ క్యాంపుల ఒకడు పాడుమన్నడు. పాడిన. తుపాకి ఎనుక కట్టెతోటి గీడ పొడిసిండు." ఎవరికో జరిగినట్టు చెప్పి, రుమాలు మళ్లీ కట్టుకున్నాడు. "జైలు నుంచి వచ్చినంక మద్రాసుల గుర్రాల కాడ పని దొరికింది. గీ గొంతు ఇని దొంగ ఏషం ఇచ్చిన్రు. మంచిదే అయింది తియ్యి."

ఆ స్టేషన్‌కు పొమ్మన్నది నేను. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. ఆ పూటే కాళ్ల మీద పడి ఏడవాల్సింది. బదులుగా, "చాయ తాగుతవా అన్నా?" అని అడిగాను. తాగాడు. మర్నాడు పొద్దున బస్సెక్కాడు. ఆ తర్వాత ఉత్తరాలు రాసుకున్నాం, అవన్నీ క్షేమ సమాచారాలే.

ఆయన జబ్బు చేసి పోయాడని టెలిగ్రాం వచ్చాక మద్రాసు వెళ్లాను. అన్న మద్రాసులోనే పెళ్లి చేసుకున్న వదినది తమిళం. వచ్చీరాని తెలుగులో మాట్లాడింది. గోడల నిండా అన్న గుర్రాల మీద ఉన్న ఫోటోలు. మాటల్లో నేను, "అన్న ఎంత బాగా పాడేవాడో" అన్నాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "పాటా? ఆయనా?"

ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు ఆ సంగతే తెలియదు. పాడేవాడినని ఒక్కసారీ చెప్పలేదట. ఎట్లా పాడేవారు అని అడిగింది. చెప్పడానికి ప్రయత్నించాను. సన్నగా మొదలయ్యేదని, పైకి పోయేకొద్దీ మగ్గాల చప్పుడు ఆగిపోయేదని, ఎక్కడెక్కడి జనమో వచ్చి కూర్చునేవాళ్లని చెప్పాను. ఆమె మర్యాదగా తలూపుతూ విన్నది గానీ, నమ్మినట్టు నాకు అనిపించలేదు.